సాంతొరినీ నుంచి తెచ్చిన కొలతలు

ఇళ్ల కొలతలు తెమ్మని మస్తాన్ వలీని కంపెనీ గ్రీసుకు పంపింది 2025 జనవరి చివర్లో.

సౌదీలోని హుఫూఫ్ పట్టణానికి తూర్పున, ఖర్జూర తోటలు అయిపోయిన చోట, పసుపు రంగు గుట్ట ఒకటుంది. దాన్ని తొలిచి ఏడు గుహ ఇళ్లు, వాటి పైన నీలం కొలనులు, తెల్లటి గోడలు కట్టి రిసార్టు చేయాలని కంపెనీ పని మొదలుపెట్టింది. ఓనరుకు సాంతొరినీ ఫొటోలు నచ్చాయి. అచ్చం అలాగే కావాలన్నాడు. పనివాళ్లు ఆ ప్రాజెక్టును జజీరా అనేవాళ్లు, అంటే దీవి అని. నిజానికి అక్కడి నుంచి సముద్రం చూడాలంటే గంటసేపు కారు నడపాలి.

మస్తాన్ వలీది నంద్యాల. డిప్లొమా చదివి సర్వేయరుగా సౌదీకి వచ్చి పదకొండేళ్లయింది. భార్య ముబష్షిరా కూడా హుఫూఫ్‌లోనే ఉంటుంది. కొలతల్లో అతను సెంటీమీటరు కూడా వదలడని పేరు. అందుకే మేనేజర్ హబీబ్ అతన్నే ఎంచుకున్నాడు. హబీబ్‌ది హైదరాబాద్, మలక్‌పేట. మస్తాన్‌కు ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా అతనే.

"పది రోజులు మియా. పన్నెండు ఇళ్లు కొలువు, ఫొటోలు తియ్యి, వచ్చెయ్. సలికాలం గదా, టూరిస్టులు ఉండరు" అన్నాడు హబీబ్.

సాంతొరినీలో అతను స్టామాతిస్ అనే ముసలాయన ఇంట్లో దిగాడు. ఆయనకు డెబ్బై ఏడేళ్లు. కూతురు ఇరీని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేది. మొదటి రోజు పొద్దున ముసలాయన అతన్ని మిద్దె మీదికి తీసుకెళ్లి నాలుగు వైపులా చూపించాడు. కింద, చాలా కింద, నల్లటి నీళ్లు. చుట్టూ ఉంగరం తెగి ముక్కలైనట్టు దీవులు. వాళ్లున్నది పెద్ద ముక్క. ఎదురుగా కనిపించేది థిరాసియా. దూరంగా తెల్లగా, చిన్నగా ఇంకొకటి. మధ్యలో బొగ్గు కుప్పల్లా రెండు నల్ల దీవులు.

"ఇదంతా ఒకప్పుడు ఒకటే దీవి. మధ్య భాగం పేలి సముద్రంలో కుంగిపోయింది. మూడువేల ఆరువందల ఏళ్లు అంటారు. మనం నిలబడింది ఆ గుంత అంచున" అన్నాడు ముసలాయన. నల్ల దీవుల వైపు చెయ్యి చూపి, "అవి తర్వాత పుట్టినవి. పెద్దది మూడొందల ఏళ్ల కిందట నీళ్లలోంచి పైకి లేచింది. మా నాన్న అది రగలడం కళ్లారా చూశాడు. మేం వాటిని కాలినవి అంటాం" అన్నాడు.

మస్తాన్ రెయిలింగు గట్టిగా పట్టుకున్నాడు. అంత లోతు అతను ఎప్పుడూ చూడలేదు.

ఇళ్లు మాత్రం అతనికి బాగా నచ్చాయి. కొండ అంచులో ముందువైపు సన్నగా ఒక తలుపు, పక్కన కిటికీ. లోపలికి వెళితే పొడుగాటి గది, దాని వెనక మరో గది. పైకప్పు సగం గొట్టంలా గుండ్రంగా. ఎక్కడా ఇనుము లేదు. మూడు మీటర్లు, మూడుంబావు మీటర్లు, రెండు మీటర్ల ఎనభై. ఏ ఇంటి వెడల్పూ మూడుంబావుకు మించలేదు. ఆ మాటే అడిగితే ముసలాయన గోడ మీద గోటితో గీకి బూడిద రంగు పొడి చూపించాడు.

"ఇది అగ్నిపర్వతం ఊదిన బూడిద. తవ్వేటప్పుడు మెత్తగా ఉంటుంది. గాలి తగిలితే బిగుసుకుంటుంది. సూయజ్ కాలువ కట్టినప్పుడు ఓడల కొద్దీ ఇక్కడి నుంచే తీసుకెళ్లారు, సున్నంలో కలపడానికి. పిల్లలు పుట్టి ఇల్లు చాలకపోతే మా వాళ్లు లోపలికి తవ్వుకుంటూ పోయేవాళ్లు. పక్కకు మాత్రం తవ్వరు."

"పక్కకు తవ్వితే?"

ముసలాయన అరచేతిని గాల్లో పెట్టి, కిందికి వాల్చాడు.

అయిదో రోజు భూమి కదిలింది. మొదట మంచం కింద లారీ పోయినట్టు అనిపించింది. అరగంటకు ఇంకోసారి. మర్నాటికి ఎన్నిసార్లో లెక్క పెట్టడం మానేశాడు. కొన్నిటికి టీ కప్పు సాసరులో గలగలమనేది. కొన్నిటికి కొండ అంచు నుంచి రాళ్లు జారి, కింద ఎర్ర దుమ్ము లేచేది. బడులు మూసేశారు. నలుగురు ఒకచోట చేరవద్దు, కొండ అంచులకు పోవద్దు, కొలనుల్లో నీళ్లు తీసేయండి అని ఫోన్లకు హెచ్చరికలు వచ్చాయి. మెట్ల వీధుల్లో నీళ్లు పారుతుంటే పక్కింటి హోటలామె చీపురుతో కాలువలోకి తోస్తోంది. ఆమె ఏడుస్తూనే ఆ పని చేస్తోంది.

ఆ సాయంత్రం ముసలాయన కారు సీట్లు వెనక్కి వాల్చి దుప్పట్లు సర్దుకున్నాడు. ఇంట్లో పడుకోనన్నాడు.

"యాభై ఆరులో నాకు ఎనిమిదేళ్లు. జూలై నెల. తెల్లవారుతుండగా వచ్చింది. అమ్మ మమ్మల్నిద్దర్నీ బయటికి లాగింది. అందరం బతికాం. మా అక్క చెప్పుల కోసం మళ్లీ లోపలికి వెళ్లింది. పదమూడు నిమిషాల తర్వాత రెండోది వచ్చింది."

ఇరీని ఆ మాటను ఇంగ్లీషులో చెప్పి, తండ్రి చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ముసలాయనే మళ్లీ మొదలుపెట్టాడు. దీవి దక్షిణాన బూడిద కింద ఒక ఊరు దొరికిందట. రెండంతస్తుల ఇళ్లు, గోడల మీద బొమ్మలు, పెద్ద పెద్ద జాడీలు అన్నీ ఉన్నాయి. మనుషుల ఎముకలు మాత్రం ఇంతవరకు ఆ ఇళ్లలో దొరకలేదు. ముందు చిన్న భూకంపాలు వచ్చాయి, జనం ఊరు వదిలారు. మళ్లీ కొందరు వచ్చి రాళ్లు ఏరి, మంచాలు బయటికి తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నారు. ఆ మంచాల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత ఎందుకో ఆ మంచాలు కూడా వదిలేసి మళ్లీ వెళ్లిపోయారు.

"పని మధ్యలో ఆపి వెళ్లడం ఎంత కష్టమో నీకు తెలుసు గదా, ఇంజినీరూ" అన్నాడు ముసలాయన.

మర్నాడు మస్తాన్ ఫెర్రీ ఎక్కాడు. పోర్టుకు దిగే దారి కొండకు గీత గీసినట్టు మలుపులు తిరుగుతుంది. పైనుంచి రాళ్లు పడతాయేమోనని బస్సులో అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. వేల మంది అలా దీవి వదిలారు. చివరికి ఎవరికీ ఏమీ కాలేదు. కొన్ని వారాలకు భూమి సద్దుమణిగింది. అందరూ తిరిగి వచ్చారని ఇరీని మెసేజ్ పెట్టింది.

మస్తాన్ వలీకి మాత్రం సద్దుమణగలేదు. హుఫూఫ్ ఆఫీసులో కుర్చీలో కూర్చుంటే కాళ్ల కింద ఏదో జరిగినట్టయ్యేది. లేచి గోడకు వీపు ఆనించి నిలబడేవాడు. బల్ల మీద నీళ్ల గ్లాసు పెట్టుకుని అందులోకే చూస్తుండేవాడు. కొద్ది రోజుల్లోనే సైటంతా అతన్ని జిల్‌జాల్ సారు అనసాగింది. భూకంపాల సారు అని. అతనూ నవ్వేవాడు.

ఇంట్లో ముబష్షిరా నవ్వేది కాదు. ఒకరోజు అన్నం తింటూ అతను ఉన్నట్టుండి లేచి తలుపు దగ్గరికి పోతే, ఆమె వెనకే వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నేల కదల్లేదండీ. మీరే వణుకుతాండారు."

"నాకు తెలుస్తానే ఉంది. అయినా ఆగడంలా" అన్నాడు.

మార్చిలో ఏడో గుహ డ్రాయింగు మారింది. ఓనరుకు అక్కడ పెళ్లిళ్లు చేసుకునేంత హాలు కావాలట. మూడుంబావు మీటర్ల వెడల్పు ఆరున్నర అయింది. మస్తాన్ హబీబ్ గదికి వెళ్లి ఇది ఆ దీవి బూడిద కాదని, ఈ గుట్టలో రాయి పొరలు పొరలుగా ఉందని, పొరకూ పొరకూ మధ్య సుద్దమట్టి ఉందని చెప్పాడు.

"పైనుంచి సిమెంటు కొడతం గదా మియా. రాక్ బోల్టులు వేస్తం. డిజైన్ వాళ్లు ఓకే అన్నరు. నువ్వు గ్రీస్ నుంచి వచ్చినప్పటి సంది ప్రతిదానికి డర్ పడుతున్నవ్" అన్నాడు హబీబ్. చిరాకుగా కాదు, జాలిగా అన్నాడు. మస్తాన్‌కు సిగ్గేసింది. కొలతలు సరిచూసినట్టు కాగితం కింద సంతకం పెట్టాడు.

ఆగస్టు వచ్చింది. ఎండ నలభై ఎనిమిది దాటుతోంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి రూలు. విశ్రాంతికి వేసిన రేకుల షెడ్డులో కూలరు పాడైంది. అందుకని మనుషులంతా ఏడో గుహలో పడుకునేవాళ్లు. లోపల తోటలో ఉన్నంత చల్లగా ఉండేది. దీవిలో మాదిరే దానికి ఒకటే తలుపు, ఒక మనిషి పట్టేంత.

గురువారం ఓనరు వస్తాడని ఆదివారం నుంచి ఏడో గుహ పైనున్న కొలనులో నీళ్లు నింపడం మొదలుపెట్టారు.

మంగళవారం పన్నెండున్నరకు మస్తాన్ మర్చిపోయిన టేపు కోసం ఏడో గుహలోకి వెళ్లాడు. ముప్పై మందికి పైగా అట్టముక్కల మీద పడుకుని ఉన్నారు. తలగుడ్డలు మొహాల మీద వేసుకుని కొందరు గురక పెడుతున్నారు. టేపు తీసుకుని తిరగబోతుంటే పైన చిన్న శబ్దం వినిపించింది. ఎండిన కొమ్మ మెల్లగా విరిగినట్టు. తర్వాత ఇసుక జారిన చప్పుడు. ఒకడి మొహం మీది తలగుడ్డ మీద తెల్లగా పొడి రాలింది. వాడు కదల్లేదు.

మస్తాన్ తలెత్తి కప్పు వైపు చూశాడు. ఇది నిజమా, నా లోపలిదా అనుకున్నాడు. ఆరు నెలలుగా అతని చెవులు అతన్ని మోసం చేస్తూనే ఉన్నాయి. ఎవరినీ లేపకుండా బయటికి వచ్చేశాడు. ఎండలో నిలబడ్డాక, ఆ ముప్పై మందిని లోపల వదిలి వచ్చానని గుర్తొచ్చి మళ్లీ తలుపు వైపు తిరిగాడు.

తలుపు పక్కన నీడలో మేస్త్రీ బుచ్చన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతనిది మంచిర్యాల దగ్గర ఊరు. యాభై ఏళ్లుంటాయి. ఆ ఎండలో అతనొక్కడే లోపలికి పోకుండా బయట కూర్చోవడం మస్తాన్‌కు వింతగా అనిపించింది.

"బుచ్చన్నా, లోపలికి పోలేదేం?"

బుచ్చన్న అతని మొహంలోకి చూశాడు. "మీకు గూడ ఇనవడ్డదా సార్?"

మస్తాన్ అతని పక్కనే కూర్చున్నాడు.

"నిన్నటి సంది ఇంటున్న" అన్నాడు బుచ్చన్న. "బొగ్గుబాయిల ఏడేండ్లు జేసిన. కప్పు పడేముందు గిట్లనే సప్పుడు జేస్తది. మొదలు సన్నగ, ఎనుక దగ్గరదగ్గరగ."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"ఎవలకు జెప్పాలె? మీరు జెప్తెనే నవ్వవట్టిరి. నేను మేస్త్రీని. అయినా మా దోస్తులకు జెప్పిన. నీకు ముసల్తనం అచ్చిందన్నరు."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. ప్లాస్టరింగ్ కోసం వేసిన పరంజా ఎక్కి, బుచ్చన్న ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించి, కుడిచేత్తో గడ్డపార మొద్దు వైపుతో మెల్లగా కొట్టాడు. గోడ దగ్గర ఖంగుమంది. రెండు అడుగులు మధ్యకు జరిగి కొట్టాడు. బొదబొదమంది, ఖాళీ డబ్బా మీద మట్టి పరిచి కొట్టినట్టు. అరచెయ్యి తీసి చూపించాడు. తడిగా ఉంది.

"నీళ్లు దిగుతున్నయి సార్. పొర ఇడిసింది."

మస్తాన్ ఫోను తీస్తుంటే బుచ్చన్న అతని మణికట్టు పట్టుకున్నాడు. "ముందుగాల వీళ్లను లేపుదాం. ఒర్రకుండ్రి. అందరొక్కసారి లేస్తే ఆ సందుల పడి తొక్కుకుంటరు."

వెనక నుంచి మొదలుపెట్టారు. పాదం మీద చెయ్యి వేసి, ఒక్కొక్కరిని లేపి, వేలు పెదవుల మీద పెట్టి బయటికి చూపించారు. ప్రతి పాదం దగ్గరా మస్తాన్ వంగినప్పుడు వీపు మీద ఆ కప్పు బరువంతా ఉన్నట్టే ఉంది. పెషావర్ వాళ్లు, బంగ్లా వాళ్లు, సగం నిద్రలో విసుక్కుంటూ లేచారు. సిరిసిల్ల వైపు మనిషి అంజన్న మాత్రం అటు తిరిగి పడుకున్నాడు.

"జిల్‌జాల్ సారు అచ్చిండు. బయట ఎండకు సావాల్నా సార్?"

"అంజన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. పది నిముషాలు బయటికి రాప్పా."

ఆ మాటకు అంజన్న లేచి కూర్చున్నాడు. సార్లు అలా మాట్లాడటం అతనెప్పుడూ వినలేదు.

అందరూ ఎండలో నిలబడ్డారు. మస్తాన్ హబీబ్‌కు ఫోన్ చేసి కొలను ఖాళీ చేయాలని చెప్పాడు. అది నింపడానికి మూడు రోజులు పట్టిందని, గురువారం దాకా ఎవరూ ముట్టుకోవద్దని హబీబ్ కోప్పడ్డాడు. పది నిముషాలైంది. అరగంటైంది. గుహ అలాగే ఉంది. ఒకడు వాంతి చేసుకున్నాడు. తలుపు లోంచి వచ్చే చల్లగాలి వాళ్ల మొహాలకు తగులుతోంది. చివరికి అంజన్న ఉమ్మేసి, "ఏం గాదు" అని లోపలికి నడిచాడు. అతని వెనక ఇంకొకడు. తర్వాత అందరూ. బుచ్చన్న, అతని గదివాళ్లు ఇద్దరు మాత్రం బయట ఉండిపోయారు.

మూడు గంటల దాకా మస్తాన్ తలుపు బయట నిలబడి ఒక్కొక్క శబ్దాన్నీ విన్నాడు. ఏమీ కాలేదు. హబీబ్ వచ్చి అతన్ని పక్కకు పిలిచాడు.

"రెండు రోజులు ఇంట్ల ఉండు మస్తాన్. ఓనరు పోయినంక మాట్లాడదాం. వర్కర్లను భయపెట్టినవని రిపోర్ట్ పోతే ఈడ నిన్ను ఉండనిచ్చే ఇఖామా సంగతి నా చేతుల ఉండది. దోస్తుగ చెప్తున్న."

ఇంటికి వెళ్లి జరిగినదంతా ముబష్షిరాకు చెప్పాడు.

"ఉద్యోగం పోతే పంపిచ్చేస్తారా?" అని అడిగింది.

"పంపిచ్చొచ్చు."

"మీకే కాకుండా ఆ మేస్త్రీకి కూడా వినపడిందంటాండారు. చెయ్యి తడిగా ఉన్నింది అంటాండారు. ఇంక అది మీ భయం ఎట్లయితాది?" అంది. లేచి కంచాలు తెస్తూ, "కప్పు పడకపోతే నవ్వుతారు. నవ్వనీండి" అంది.

బుధవారం పదకొండున్నరకు మస్తాన్ ఒక పెద్ద తాళంకప్ప కొనుక్కుని సైటుకు వెళ్లాడు. ఏడో గుహలో ఎవరూ లేరని చూసి, ఇనుప తలుపు మూసి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. తాళం మూడో ప్రయత్నంలో గానీ పడలేదు. తర్వాత తలుపుకు వీపు ఆనించి గడప మీద కూర్చున్నాడు. వీపుకు ఇనుము చల్లగా తగులుతోంది. ఆ వెనక ఏముందో అతనికి తెలుసు. అయినా లేవలేదు.

పన్నెండుకు మనుషులు వచ్చారు. మొదట నవ్వారు. తర్వాత తిట్టారు. బుచ్చన్న వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. రేకుల షెడ్డులో కూర్చోలేక కొందరు లారీల కింద దూరారు. పన్నెండున్నరకు ఒక బంగ్లా కుర్రకూలీ కళ్లు తేలేసి పడిపోయాడు. తడిగుడ్డలు కప్పి, ఏసీ వేసిన పికప్‌లో పడుకోబెట్టారు. మస్తాన్ అది చూశాడు. వీడు ఎండదెబ్బకు చనిపోతే ఆ పాపం తనదేనని అతనికి తెలుసు. జేబులో తాళంచెవి తడిమాడు. ఒక్క క్షణం బయటికి కూడా తీశాడు.

వెనక, తలుపు అవతల, టక్ మంది. కాసేపటికి ఇంకోసారి.

తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

హబీబ్ కారు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. "చాబీ ఇయ్యి మస్తాన్" అన్నాడు దిగుతూనే.

"ఇయ్యను భాయ్."

"మనిషి బేహోష్ అయిండు నీ వల్ల. పాగల్ అయినవా?"

"వాణ్ని ఆస్పత్రికి పంపియ్యండి. అందర్నీ మీ ఆఫీసులో కూర్చోబెట్టండి, అక్కడ ఏసీ ఉండాది. ఈ తలుపు మాత్రం తియ్యను. కావాలంటే పోలీసుల్ని పిలవండి."

హబీబ్ వెల్డర్‌ను గ్రైండర్ తెమ్మన్నాడు. ఇద్దరు మస్తాన్ రెక్కలు పట్టుకుని పక్కకు లాగారు. బుచ్చన్న అడ్డం పోయి దండం పెట్టాడు. "సార్, వద్దు సార్. ఆ మిషిని అదురుకు గూడ పడుతది." ఎవరూ వినలేదు. నిప్పురవ్వలు ఎగిరాయి. తాళం తెగి కింద పడింది.

తలుపు తెరవగానే చల్లగాలి వచ్చింది. అందరికన్నా ముందున్న అంజన్న చొక్కా విప్పి భుజాన వేసుకుని లోపలికి అడుగు పెట్టాడు. నాలుగైదు అడుగులు వేశాడేమో. పైన టకటకమని వరసగా చప్పుళ్లు వచ్చాయి. ఈసారి అందరికీ వినిపించాయి.

"అంజన్నా! ఉరుకు!" అని బుచ్చన్న అరిచాడు.

అంజన్న వెనక్కి తిరిగాడు. అతని మొహం వాళ్లకు స్పష్టంగా కనిపించింది. మరుక్షణం హాలు మధ్యలో కప్పు పలకలాగా ఒక్కసారిగా దిగింది. నేల అదిరింది. తలుపు లోంచి తెల్లటి దుమ్ము ఊదినట్టు బయటికి వచ్చి అందరినీ కప్పేసింది. దాని వెనక నీళ్లు. కొలను నీళ్లు బురదై, అట్టముక్కలను, తలగుడ్డలను తోసుకుంటూ గడప దాటాయి.

దుమ్ములో ఎవరో కేకలు పెడుతున్నారు. మస్తాన్ లోపలికి వెళ్లాడు. ఎప్పుడు నిర్ణయించుకున్నాడో అతనికి తెలియదు. దుమ్ముకు కళ్లు కనిపించక, గోడ తడుముకుంటూ, చీలమండ లోతు బురదలో నడిచాడు. పైన ఇంకా రాళ్లు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. నోట్లోంచి అల్లాను తలిచే కలిమా దానంతట అదే వస్తోంది. తలుపుకు ఏడెనిమిది అడుగుల లోపల అంజన్న బోర్లా పడి ఉన్నాడు. ఎడమ కాలి మీద, మోకాలికి దిగువన, రాతి పలక పడి ఉంది.

"సార్, వదిలిపోకుండ్రి సార్" అన్నాడు అంజన్న. మస్తాన్ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్లు నలిగాయి.

బుచ్చన్న గడ్డపార తెచ్చి పలక కింద దూర్చాడు. దుమ్ములోంచి ఇంకొకరు వచ్చి గడ్డపార మీద భుజం వేశారు. ఆ మనిషి తెల్లచొక్కా చూసి హబీబ్ అని మస్తాన్ గుర్తుపట్టాడు. ముగ్గురూ కలిసి అంజన్నను బయటికి లాగారు. వాళ్లు పది అడుగులు దాటాక తలుపు మీది కప్పు కూడా కూలి, గుహ నోరు మూసుకుపోయింది.

హబీబ్ ఇసుకలో కూర్చుని తన చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. "ముప్పై మంది" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. "రోజూ ముప్పై మంది."

అంజన్న ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఎండకు పడిపోయిన కుర్రవాడు రెండు రోజులకు లేచాడు. హబీబ్‌ను కంపెనీ పనిలోంచి తప్పించింది. విచారణలో మొదటి రోజే డ్రాయింగు మీద మస్తాన్ సంతకం బయటికి వచ్చింది. అతను దాచలేదు. వెడల్పు పెంచడం తప్పని తెలిసీ సంతకం చేశానని రాసిచ్చాడు. విచారణ అయ్యేదాకా దేశం వదలకూడదన్నారు. ముబష్షిరా ఆ రాత్రి వంట చేయలేదు. ఇద్దరూ ఖర్జూరాలు తిని పడుకున్నారు.

ఆస్పత్రిలో అంజన్నను చూడడానికి వెళ్లి మస్తాన్ మంచం పక్కకు స్టూలు లాక్కున్నాడు. అంజన్న దుప్పటి కింద పల్లంగా ఉన్న చోటు చూస్తూ, "తాళం కోసేటప్పుడు నేను గూడ కొయ్యుమనే ఒర్రిన సార్" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చాడు. మస్తాన్ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

సెప్టెంబరులో బలదియా, అంటే మున్సిపాలిటీ, నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. నెరిసిన గడ్డం, మెల్లగా మాట్లాడే సౌదీ మనిషి. మిగిలిన ఆరు గుహల్నీ లోపల నుంచి చూసి, ఉంచాలో పూడ్చాలో రాయాలి. తోడుగా కొలతలు తెలిసిన మనిషి కావాలన్నాడు. కప్పు చూడడానికి బుచ్చన్నను కూడా ఉంచమన్నాడు. ఆ నెలలో ఊరికి పోవాల్సిన బుచ్చన్న టికెట్ వాయిదా వేసుకున్నాడు.

ఆరో గుహ తలుపు ముందు మస్తాన్ ఆగిపోయాడు. లోపలి చీకట్లోంచి అదే చల్లగాలి వచ్చి మొహానికి తగిలింది. చెమటకు చేతిలోని టేపు జారుతోంది.

"నాకు భయంగా ఉంది" అన్నాడు ఇంగ్లీషులో, దాచుకోకుండా.

ఇంజినీరు హెల్మెట్ బిగించుకుంటూ అతని వైపు చూశాడు. "భయం లేని వాణ్ని నేను లోపలికి తీసుకెళ్లను" అన్నాడు.

బుచ్చన్న అప్పటికే ముందు నడిచి, గోడ దగ్గర నిలబడి కప్పుకు అరచెయ్యి ఆనించాడు. అతను కొట్టే మొదటి దెబ్బ వినడానికి ఇద్దరూ చెవులు రిక్కించారు.